నలభై ఒకటో వేలిముద్ర

కొర్రా యర్రమ్మ తన బొటనవేలిని ఎవరికీ అప్పగించే మనిషి కాదు. రేషన్ ఇచ్చేచోట మిషన్ మీద వేలు పెట్టమంటే పెట్టదు. కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటుంది. కన్ను చూపిస్తే మాత్రం భయం లేదా అని ఎవరైనా నవ్వితే, "కన్నుతో ఎవలూ బూమి రాయించుకోనేదు బాబూ, ఇంతవరకూ" అంటుంది.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు కింద మైదానం నుంచి ఒక షావుకారు సిరిగుడకు వచ్చాడు. సిరిగుడ అంటే అరకు సంతకు ఏడు కిలోమీటర్ల ఎగువన ముప్ఫై ఇళ్ల ఊరు. గెడ్డ నీళ్లు పారే ఒడ్డున యర్రమ్మ నాయనకు ఎకరన్నర తడిపల్లం ఉండేది. పట్టా ఇప్పిస్తానని చెప్పి షావుకారు తెల్లకాగితం మీద ఆయన వేలిముద్ర తీసుకున్నాడు. పక్కనే కూచున్న యర్రమ్మ చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ల కూడా పెట్టాడు. మూడో ఏడు పంటకు ఆ పల్లంలో వేరేవాళ్ల నాగళ్లు దిగాయి. నాయన పాడేరు తిరిగాడు, విశాఖపట్నం తిరిగాడు. ఎక్కడికెళ్లినా "వేలిముద్ర నీదేనా?" అని అడిగారు. ఆయన అబద్ధం ఆడలేని మనిషి. నాదే అన్నాడు.

నలభై ఏళ్లు దాటాక ఊళ్లో వయోజన విద్య తరగతులు పెడితే అందరికంటే ముందు వెళ్లి పలక పట్టింది యర్రమ్మ. సంతకం వచ్చాక ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. కూడబలుక్కుని చదవడం కూడా నేర్చుకుంది. రెండెకరాల కాఫీ, దాని మీద పాకిన మిరియం తీగలు, మెట్టలో రాగులు, నూనెకి వలిసెలు, అల్లం, వీటన్నిటితోపాటు ఊళ్లోకి వచ్చే ప్రతి కాగితాన్నీ ఆమే చూసుకునేది. ఆమె మొగుడు సోంబరు దీనికి పూర్తిగా ఎదురు మనిషి. ఎవరు నవ్వుతూ పలకరించినా గుమ్మంలో పీట వేసేవాడు. నిరుడు కార్తీకంలో పచ్చకామెర్లు వచ్చి పోయాడు.

ఆయన పోయిన మూడు నెలలకు, జనవరిలో ఒక ఆదివారం, ఆడపడుచు కూతురు బేబి ఫోన్ పట్టుకుని వచ్చింది. బేబి డిగ్రీ ఆపేసి అరకులో పనిచేస్తోంది. రోడ్డు పక్కన ఎన్నో ఏళ్లుగా మూసి ఉన్న కాఫీ గింజల షెడ్డును ఎవరో కడిగి, సున్నం కొట్టి, బొమ్మల ప్రదర్శన పెట్టారు. వచ్చినవాళ్ల చెప్పులు బయట విప్పించడం, బొమ్మలు ముట్టుకోకుండా చూడడం బేబి పని.

"అత్తా, నీకో మాట సెప్తాను. కోప్పడకూడదు" అంది బేబి.

"కోపం వచ్చే మాటే అయ్యుంటాది. సెప్పు."

బేబి ఫోన్‌లో ఫొటో చూపించింది. తెల్లటి గుడ్డ, దాని మీద ఎర్రమట్టితో వేసిన వేలిముద్రలు. వరసలు వరసలుగా ఉన్నాయి. బేబి రెండు వేళ్లతో ఒక ముద్రను పెద్దది చేసింది. మధ్యలో అడ్డంగా గీత పడి, రెండు ముక్కలుగా ఉన్న ముద్ర. కింద పెన్సిల్‌తో 41 అని రాసి ఉంది.

యర్రమ్మ చూపు అక్కడే నిలిచిపోయింది. పెళ్లయిన ఏడాదే సోంబరు కుడి బొటనవేలు కొడవలి కింద పడింది. పసుపూ బూడిదా పెట్టి తనే కట్టు కట్టింది. మానాక వేలు మధ్యన కాలవలా మిగిలిపోయింది.

"మావదే కదా?" అంది బేబి మెల్లిగా.

"ఎప్పుడేసినాడు?"

"అంతకు ముందటి వానాకాలం. నీ కూతురు రత్న పురుడుకి నువ్వు పాడేరు ఆస్పత్రిలో ఉన్నావు కదా, అప్పుడు. ఒకావిడ వచ్చి ఊరందరి చేతా ఏయించుకుందంట."

యర్రమ్మ లేచి నేరుగా భీముడి ఇంటికి నడిచింది. భీముడు సోంబరు అన్న, ఊరికి పెద్ద. వాకిట్లో తాడు పేనుతున్నవాడు ఆమె నడక చూడగానే సంగతి పసిగట్టాడు.

"బావా, ఊరంతా వేళ్లు ఏసినారంట. నాకెవలూ సెప్పనేదేటి?"

"నీకు సెప్పొద్దని సోంబరే అన్నాడే. నువ్వు ఇల్లు పీకి పందిరేత్తావని. వొట్టి బొమ్మ కోసమంది ఆయమ్మ. కాయితం కాదు, తెల్లగుడ్డ. ఏటవుతాదనుకున్నాం."

తెల్లగుడ్డ. ఆ మాట యర్రమ్మకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. చచ్చిపోయిన మొగుడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మనసొప్పలేదు. ఆ కోపం కూడా ఆ గుడ్డ తెచ్చినావిడ మీదికే మళ్లింది.

మర్నాడు పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే, జీపెక్కి అరకులో దిగింది. షెడ్డు ముందు అప్పటికే రెండు కార్లున్నాయి. బేబి చెప్పులు విడవమంది. యర్రమ్మ విడిచి, వాటిని కొంగులో కట్టుకుని లోపలికి వెళ్లింది.

లోపల చల్లగా ఉంది. పాత కాఫీ పులుపు వాసన ఇంకా గోడల్లో ఉంది. పైకప్పు నుంచి నేల దాకా వేలాడుతున్న గుడ్డ, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి సాగి ఉంది. పైనున్న అద్దపు పెంకుల్లోంచి పడే వెలుగులో ఎర్రటి ముద్రలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నట్టున్నాయి. సంతరోజు పొద్దున కొండమెట్ట దిగి వచ్చే జనంలా అనిపించాయి యర్రమ్మకు. చిన్నవి, పెద్దవి, అరిగిపోయినవి. ఒక్క క్షణం ఆమెకు ఒళ్లు పులకరించింది. బాగుంది అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీదే తనకు అనుమానం వేసింది.

ఇంకా దగ్గరికి జరిగింది. అప్పుడు కనబడింది. గుడ్డ పైభాగమంతా పలచటి ఆకుపచ్చ రంగులో గళ్లు, పూలతీగలు, మధ్యలో రూపాయల అంకె. అచ్చంగా స్టాంపు కాగితం. దాని కింద ఊరి వేలిముద్రలు. గోడ మీద బోర్డు ఉంది. అక్షరం అక్షరం కలుపుకుని చదివింది: స-మ్మ-తి.

"అంటే ఏటే, బేబీ?"

"ఒప్పుకోలు అత్తా."

"ఎవలొప్పుకున్నారు? దేనికి?"

పక్కన ఒక కుర్రజంట గుడ్డకు వీపు పెట్టి, బొటనవేళ్లు పైకెత్తి ఫొటో దిగుతోంది. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పుస్తకం, దారానికి కట్టిన పెన్ను ఉన్నాయి. చూసినవాళ్లు తమకేమనిపించిందో అందులో రాయాలట. యర్రమ్మ పుస్తకం తిప్పింది. 'ఒళ్లు జలదరించింది. విజయనగరం.' 'మా బాబు యూకేజీ. ఇంతకంటే బాగా వేస్తాడు.' 'గిరిజనుల గోడు కళ్లకు కట్టారు.' 'బాత్‌రూమ్ ఎటో బోర్డు పెట్టండి.' 'ఇలాంటి వాటికి పర్మిషన్ ఎవరిస్తున్నారు?' ఆ చివరి మాట రాసినవాడెవడో ఒక్కడే తెలివైనవాడనుకుంది.

బేబి వెళ్లి ఆ బొమ్మ చేసినావిడను పిలుచుకొచ్చింది. పేరు అనురాధ. నలభైకి దగ్గర పడుతున్న మనిషి, విశాఖపట్నంలో ఉంటుంది. చేతులకు రంగు మరకలు. సోంబరు పేరు చెప్పగానే గుర్తుపట్టింది. "పనసకాయ కోసి పెట్టారు నాకు. ఎలా ఉన్నారు?" అంది.

"పోయినాడు."

అనురాధ ముఖం వాడిపోయింది. యర్రమ్మ దాన్ని కూడా జాగ్రత్తగా చూసింది. నిజమో నటనో తేల్చుకోలేకపోయింది.

"మావోళ్లు తెల్లగుడ్డ మీద ఏసినారన్నారు. మరి ఈ స్టాంపు ఎక్కడిది?"

"తర్వాత అచ్చు వేశానమ్మా. ఇది నిజం స్టాంపు పేపర్ కాదు. బొమ్మ. మీ భూములు ఇలాగే కదా పోయాయి? ఏమీ లేని కాగితం మీద వేలు వేయించుకుని, పైన తర్వాత రాసుకున్నారు. అది చూసేవాళ్లకి గుచ్చుకోవాలని..."

"మా నాయన కూడా తెల్లకాయితం మీదే ఏసినాడు" అంది యర్రమ్మ. "పైన ఏటి రాత్తారో అతనికీ సెప్పనేదు. నువ్వూ సెప్పనేదు. ఇద్దరికీ తేడా ఏటి?"

దాచకూడదనుకుందో ఏమో, అనురాధ ఇంకో మాట చెప్పింది. "మా తాత కింద మైదానంలో రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసేవాడు. ఆయన పోయాక ట్రంకుపెట్టె తెరిస్తే ఇలాంటి వేలిముద్రల కాగితాలు కట్టలు కట్టలున్నాయి. అవి చూశాకే ఈ పని మొదలుపెట్టాను."

ఆ మాటతో ఆమె మనసు తేలికపడిందేమో గాని యర్రమ్మ మనసు రాయయింది. రాసినవాడి మనవరాలు! తాత కాగితం తెచ్చాడు, మనవరాలు గుడ్డ తెచ్చింది.

"నా మనిసి వేలు నాకిచ్చీ" అంది.

అంతలో ధర్మతేజ వచ్చాడు. ప్రదర్శన నడిపించేవాడు, మెడలో కార్డు. సంగతి విని నవ్వు పులుముకున్నాడు. "ఇది ఆర్ట్‌వర్క్ పెద్దమ్మా. ముట్టుకోకూడదు. ముక్క కోసేస్తే మొత్తం పాడైపోద్ది. వచ్చే నెల ఇది ఢిల్లీ వెళ్తోంది. మీ ఊరికి ఎంత పేరో తెలుసా?"

"ఊరి పేరు ఎక్కడుందందులో?"

ధర్మతేజ గుడ్డ వైపు చూశాడు. ఊరి పేరు లేదు. మనుషుల పేర్లూ లేవు. ఒకటి నుంచి డెబ్భై మూడు దాకా అంకెలున్నాయి.

ఆ సాయంత్రం భీముడి వాకిట్లో ఊరంతా కూడింది. యర్రమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. స్టాంపు కాగితం అనగానే ఆడవాళ్లు గుండెల మీద చెయ్యేసుకున్నారు. కాఫీ తోటలు పోతాయన్నాడొకడు. కొండ మొత్తం ఏ కంపెనీకో రాసేసుంటారన్నాడు ఇంకొకడు. "మన వేలు ఢిల్లీ ఎళ్తే మంచిదే కదా, మనం ఎలాగూ ఎళ్లనేం" అన్నాడు ధనరాజు, చర్చిలో డప్పు వాయించేవాడు. కొందరు నవ్వారు. భీముడు మాత్రం నవ్వలేదు. "తెలీకుండా మాటాడుకోడం ఎందుకు? రేపు ఎళ్లి అందరం కళ్లతో సూద్దాం" అన్నాడు.

మర్నాడు రెండు జీపుల్లో ఇరవై ఆరుగురు దిగారు. చెప్పులు విడిచి, గుడ్డ ముందు వరసగా నిలబడ్డారు. తిట్టాలని వచ్చినవాళ్లు ముందు తమ వేలు ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టారు. "ఇది నాదే, సూడు, గోరు వొంకర." "మా అమ్మది ఎంత సిన్నదో!" అప్పలనర్సమ్మ అనే ముసలామె తన ముద్ర పక్కన మళ్లీ వేలు ఆనించి సరిచూసుకుంది. ధనరాజు పుస్తకంలో తన మాట రాయమని బేబిని అడిగాడు. ఏమని రాయాలంటే, "సర్చిలో కూడా ఇంతమందిమి ఒకపాలి రాం. అది రాయి" అన్నాడు.

భీముడు మాత్రం స్టాంపు గళ్ల కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. "బొమ్మ బాగున్నాది అమ్మా" అన్నాడు అనురాధతో. "బాగుండబట్టే బయంగా ఉన్నాది. కర్రతో కొట్టడానికొచ్చినోణ్ని కనిపెట్టగలం. బాగున్నదాన్ని ఎలగ కనిపెడతాం?"

అనురాధ అందరి ముందూ నేల మీద కూచుంది. స్టాంపు సంగతి ముందుగా చెప్పకపోవడం తన తప్పేనంది. చెబితే ఎవరూ వేయరేమోనని భయపడ్డానని ఒప్పుకుంది. "ఎవరిది వాళ్లకి కావాలంటే కోసి తీసుకోండి. నేను అడ్డురాను" అని కత్తెర తెప్పించింది.

యర్రమ్మ కత్తెర అందుకుంది. నలభై ఒకటో ముద్ర ముందుకు వెళ్లింది. చెయ్యెత్తబోయి ఎందుకో వెనక్కి తిరిగి చూసింది. ధర్మతేజ ఫోన్ ఎత్తి పట్టుకుని తీస్తున్నాడు. అతని పక్కన ఇంకో ఇద్దరు టూరిస్టులు. వాళ్ల ముఖాల్లో పండగ.

యర్రమ్మ కత్తెర దించింది.

"బాబూ, ఏటి సేత్తన్నావు?"

"రికార్డు కోసం పెద్దమ్మా. మీరు కానివ్వండి. ఇది చాలా పవర్‌ఫుల్‌గా ఉంటుంది."

"అంటే నా కోపాన్ని కూడా ఆ గుడ్డకి కుట్టుకుంటారా?" అంది యర్రమ్మ. అని, అక్కడే గుడ్డ ముందు బాసింపట్టు వేసుకుని కూచుంది. "ఫోన్లు లోపల పెట్టండి. బయటోళ్లు బయటికెళ్లండి. అంతదాకా నాను కొయ్యను, లెగను."

ధర్మతేజ బతిమాలాడు, కసిరాడు, టికెట్ కొన్నవాళ్లను ఎలా పంపుతానన్నాడు. యర్రమ్మ కదలలేదు. ఆమె పక్కన అప్పలనర్సమ్మ కూచుంది. తర్వాత ఒక్కొక్కరే అందరూ కూచున్నారు. గంట గడిచింది. చివరికి అనురాధే లేచి, ధర్మతేజ చేతిలో ఫోన్ తీసుకుని, తీసిందంతా చెరిపేసి, ఆ చెరిపేయడం బేబికి చూపించింది. జనాన్ని బయటికి పంపి తలుపులు వేసింది. తనూ బయటికి వెళ్లబోతుంటే యర్రమ్మ, "నువ్వుండు. నువ్వు సూడాల" అంది.

అప్పుడు కోసింది. అరచేతి వెడల్పు ముక్క. గుడ్డ మందంగా ఉండడంతో కత్తెర రెండుసార్లు జారింది. కోసిన ముక్కను రవికెలో పెట్టుకుంది. ఏడవలేదు. ముక్కు మాత్రం చీదుకుంది.

ఆమె తర్వాత ఎనిమిది మంది కోసుకున్నారు. మిగతావాళ్లు ఉంచేశారు. భీముడు తన ముద్ర ఉండనిస్తానన్నాడు గాని అంకె చెరిపి తన పేరు, నాయన పేరు, ఊరి పేరు రాయాలన్నాడు. దాంతో అందరూ అదే అడిగారు. అనురాధ మోకాళ్ల మీద కూచుని పెన్సిల్‌తో ఒక్కొక్కరి పేరూ రాసింది. రాసిన ప్రతి పేరునూ యర్రమ్మ వంగి చదివి, సరిగ్గా ఉంటేనే తర్వాతి దానికి పోనిచ్చింది. రెండుచోట్ల ఇంటిపేరు తప్పుపోతే దిద్దించింది.

గుడ్డ తొమ్మిది చిల్లులతో ఢిల్లీ వెళ్లింది. ఫాల్గుణంలో బేబి ఒక వార్త తెచ్చింది. అక్కడ చూసినవాళ్లంతా ఆ చిల్లుల గురించే అడుగుతున్నారట, అవే అన్నిటికంటే గొప్పగా ఉన్నాయంటున్నారట.

యర్రమ్మ అల్లం దుంపలు గిల్లుతోంది. చేతులాగిపోయాయి. "సూసినావా? మనం తీసుకున్నదాన్ని కూడా వోళ్లే తినేసినారు" అంది. కోసి తెచ్చిన ముక్కను ఏం చేసిందో ఎవరికీ చెప్పలేదు, బేబి ఎన్నిసార్లు అడిగినా.

ఆషాఢంలో, వాన పట్టి కురుస్తున్న రోజు, అనురాధ ఒక్కతే జీపు దిగి బురదలో నడుచుకుంటూ సిరిగుడ వచ్చింది. కెమెరా లేదు. భుజాన ఒక సంచీ. చిల్లుల గొప్ప తను చెప్పింది కాదని, అడిగినవాళ్లకు ఆ చిల్లులు కోసినవాళ్లవేగాని తనవి కావని చెప్పానని అంది. యర్రమ్మ వింది. నమ్మినట్టుగానీ నమ్మనట్టుగానీ తల ఊపలేదు. తడిసి వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టడం ఊరి పద్ధతి కాదు కనుక పొయ్యి దగ్గర చోటిచ్చింది. రాగి అంబలి పోసింది.

"ఎందుకొచ్చినావు?" అని మటుకు అడిగింది.

"మీకు ఏమనిపించిందో మీ నోటితో వినాలని. పుస్తకంలో అందరూ రాశారు. మీరు రాయలేదు."

"ఇప్పుడు సెప్తే ఇంకో గుడ్డ మీద ఏత్తావు."

"వేయను."

యర్రమ్మ పొయ్యిలో కర్రలు ఎగదోసింది. "మొదట సూసినప్పుడు మావోళ్లందరూ మెట్ట దిగొత్తన్నట్టు ఉన్నాది" అంది. "నా మనిసి ముందు నడుత్తన్నట్టు ఉన్నాది. అంతే. ఆపైన సెప్పను."

అనురాధ రెండు రోజులుంది. వాన తెరిపిచ్చినప్పుడు యర్రమ్మతోపాటు కాఫీ తోటలో కలుపు తీసింది. సగం కలుపు, సగం మొలక పీకేసింది. యర్రమ్మ తిట్టింది, మళ్లీ అన్నం పెట్టింది. పెడుతూనే బేబితో అంది, అన్నం పెట్టడం వేరు, నమ్మడం వేరని.

మూడో రోజు పొద్దున జీపు దగ్గర యర్రమ్మ చెయ్యి చాచింది. "సంచీ సూపించు."

అనురాధ నొచ్చుకోలేదు. సంచీ విప్పి జీపు బానెట్ మీద పెట్టింది. తడిబట్టలు, టార్చి, భీముడు ఇచ్చిన పనసగింజలు, ఒక నోటుపుస్తకం. యర్రమ్మ పుస్తకం తీసి పేజీలు తిప్పింది. మధ్యలో ఒకచోట పెన్సిల్ బొమ్మ ఉంది. వంగి కలుపు తీస్తున్న ఒక ఆడమనిషి వీపు, జారిన ముడి, బురదలో దిగబడ్డ మడమలు.

"ఇది ఎవలు?"

"మీరే. అడగకుండా వేశాను. చూపిద్దామనే ఉంది, ధైర్యం చాలలేదు."

డ్రైవరు హారన్ కొట్టాడు. యర్రమ్మ లెక్కచెయ్యలేదు. బొమ్మను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఇది ఇక్కడే ఉంటాది" అంది.

అనురాధ ఆ పేజీని జాగ్రత్తగా చింపి ఆమె చేతికిచ్చి జీపెక్కింది. మలుపు తిరిగేదాకా యర్రమ్మ అక్కడే నిలబడి చూసింది. తర్వాత చినుకులు పడకుండా కాగితాన్ని కొంగు కింద పెట్టుకుని భీముడి ఇంటికి వెళ్లింది.

"బావా, సూడు. నిజం సెప్పు. నా నడుం ఇంత లావుగా ఉంటాదా?"

భీముడు కాగితాన్ని వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. "నడుం సంగతి నాకెందుకు గాని" అన్నాడు, "కాళ్లు మాత్రం నీయే."